రబ్బరు బొమ్మల ఊపిరి

1929లో ‘ది లాస్ట్ వరల్డ్’ సినిమా ప్రింట్లను ఊరూరి నుంచీ వెనక్కి రప్పించి నాశనం చేశారు. అంతకు నాలుగేళ్ళ ముందు జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూసిన సినిమా అది. కోట్ల ఏళ్ళ కిందట భూమ్మీద నుంచి వెళ్ళిపోయిన రాక్షసబల్లులు అందులో తిరిగొచ్చాయి. మేత మేశాయి, కొట్లాడుకున్నాయి, రొప్పాయి, బురదలో కూరుకుపోయాయి, చచ్చిపోయాయి. ఆ పైన రీళ్ళతో పాటు ఇంకోసారి చచ్చిపోయాయి. కథ ఎక్కడికి చేరుతుందో ముందే చెప్పేశాను కనుక ఏమవుతుందోనన్న ఆత్రం ఇక అక్కర్లేదు. కబురు ముందే తెలిసిన ఇంటికి పలకరింపుకి వెళ్ళినట్టు నెమ్మదిగా వెళ్దాం.

కువైట్‌లో ఉంటున్న మనకు ఈ సినిమాతో ఏం పని అనిపించవచ్చు. రాయచోటి నుంచో, రాజంపేట నుంచో, కోనసీమ నుంచో బయల్దేరి విమానమెక్కిన మనిషి, ముందు సీటు వెనక ఉన్న తెర మీద ఏదో ఒక సినిమా పెట్టుకుంటాడు. అది చూస్తున్నాడో, గేటు దగ్గర వదిలొచ్చిన పిల్లలనే తలుచుకుంటున్నాడో చెప్పలేం. ఆకాశంలో సినిమా చూపించడమనే ముచ్చట ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, 1925 ఏప్రిల్‌లో, లండన్ నుంచి ఎగిరిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానంలో ప్రయాణికులకు వేసి చూపించింది ఈ ‘లాస్ట్ వరల్డ్’నే. యుద్ధంలో బాంబులు మొయ్యడానికి తయారైన రకం హ్యాండ్లీ పేజ్ విమానాన్ని మనుషుల కోసం మార్చారు. అప్పటి రీళ్ళు నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమనే నైట్రేట్ ఫిల్ము. ఆ విమానంలో, ఆ ఇంజన్ల హోరులో, వాటిని తిప్పిన గుండెధైర్యానికి దండం పెట్టాలి. మూకీ కాబట్టి సరిపోయింది గానీ, మాటలుంటే ఎవరికి వినబడేవి! అదే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1932లో తన ఇండియా దారిని అరేబియా తీరం మీదుగా మళ్ళించుకుంది. అప్పుడు కువైట్ కూడా ఆ దారిలో ఒక మజిలీ అయింది. విమానం వచ్చింది. అది ఒకప్పుడు మోసిన సినిమా మాత్రం అప్పటికే లేదు.

కథ సర్ ఆర్థర్ కానన్ డాయిల్‌ది, మన షెర్లాక్ హోమ్స్ డాయిల్‌దే. 1912లో లండన్ ‘స్ట్రాండ్’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. దక్షిణ అమెరికా అడవుల నడుమ లోకంతో తెగతెంపులు చేసుకుని నిలబడ్డ ఒక పీఠభూమి. కాలం దాని నిట్టనిలువు గోడలు ఎక్కలేక కిందే ఆగిపోయింది. పైన రాక్షసబల్లులు ఇంకా బతికే ఉన్నాయంటాడు ప్రొఫెసర్ ఛాలెంజర్. నమ్మనివాళ్ళను వెంటేసుకుని బయల్దేరతాడు. తమాషా ఏమిటంటే, అదే 1912 ఇక్కడ కువైట్‌లో ముత్యాల వేటకు ఎన్నడూ లేనంత పంట పండిన ఏడాది. పొంగిపొర్లిన సంవత్సరమని ఈ తీరమంతా దానికి పేరు పెట్టుకుంది. అక్కడ కథ, ఇక్కడ ముత్యం, రెండూ ఒకే ఏట నిండుగా ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకేసారి కూలతాయి.

ఆ కథకు తెర మీద ప్రాణం పోసినవాడు విల్లిస్ ఓబ్రయన్. 1886లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి పశువుల మందల దగ్గర పని చేశాడు. ఎముకల కోసం తవ్వే శాస్త్రజ్ఞులకు దారి చూపించాడు. బాక్సింగ్ చేశాడు, పత్రికలో కార్టూన్లు గీశాడు, చలువరాయి చెక్కాడు. ఏ పనిలోనూ నిలవని చేతులు చివరికి బొమ్మల దగ్గర నిలిచాయి. బొమ్మను కాస్త కదిపి ఒక ఫ్రేము తియ్యడం, మళ్ళీ కాస్త కదిపి ఇంకో ఫ్రేము తియ్యడం. మూకీ లెక్కలో సెకనుకు పదహారు ఫ్రేములు, అంటే నిమిషానికి 960. ఒక రాక్షసబల్లి తల తిప్పి చూసి, తోక ఆడించి, రెండడుగులు వెయ్యాలంటే ఒక మనిషికి పొద్దు గూకిపోయేది. మధ్యలో దీపం కాస్త వాలినా, ఎక్కడైనా చెయ్యి తగిలినా ఆ రోజు కష్టం గంగపాలు.

అతనికి తోడు దొరికిన కుర్రాడు మార్సెల్ డెల్గాడో. మెక్సికో నుంచి వచ్చి, కిరాణా కొట్లో పని చేసుకుంటూ శిల్పం నేర్చుకుంటున్నాడు. నా దగ్గరికొచ్చి బొమ్మలు చెయ్యమని ఓబ్రయన్ అడిగితే మొదట రానన్నాడు. ఓబ్రయన్ వాదించలేదు. ఒకసారి స్టూడియో చూసి పొమ్మని పిలిచి, ఒక గది తలుపు తీసి, ఇది నీదే అన్నాడు. గోడలకు చార్లెస్ నైట్ గీసిన రాక్షసబల్లుల చిత్రాలు. ఆ కుర్రాడు ఇక వెనక్కి వెళ్ళలేదు. లోపల కీళ్ళు తిరిగే లోహపు అస్థిపంజరం, దాని మీద కండలకు స్పాంజీ, పైన ముడతలు దేరిన రబ్బరు చర్మం. కొన్ని బొమ్మల పొట్టలో చిన్న గాలితిత్తి కూడా పెట్టాడు. ఫ్రేము ఫ్రేముకీ అందులోకి ఇంత గాలి ఊదడం, ఇంత తియ్యడం. తెర మీద అది ఊపిరయ్యేది. ఎవరూ గమనించకపోయినా పనికి అడ్డులేని చోట, జంతువు ఊరికే నిలబడి ఉన్న చోట కూడా, డొక్కలు ఎగసిపడాలని కోరుకున్నారు చూడండి, నాకు అక్కడే గొంతు పట్టేస్తుంది.

1922 జూన్‌లో డాయిల్ ఒక చిలిపి పని చేశారు. న్యూయార్క్‌లో ఇంద్రజాలికుల సంఘం విందుకి వెళ్ళి, పేరుమోసిన ఇంద్రజాలికుడు హూడినీ సమక్షంలో, ఓబ్రయన్ తీసిన నమూనా రీలు వేసి చూపించారు. ఎక్కడిది, ఎలా తీశారు అన్న ఒక్క ముక్క చెప్పలేదు. జీవితమంతా జనాన్ని భ్రమింపజేసి బతికే మనుషులు తామే భ్రమలో పడ్డారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త. నిజమో నకిలీయో తేల్చలేక, నకిలీయే అయితే మాత్రం మహా గొప్ప నకిలీ అన్న ధోరణిలో రాశారు. తర్వాత డాయిల్ హూడినీకి ఉత్తరం రాసి గుట్టు విప్పారు. అంత సంబరంలోనూ ఓ మబ్బు కమ్మింది. అంతకు ముందు ఓబ్రయన్‌తో కలిసి ‘ది ఘోస్ట్ ఆఫ్ స్లంబర్ మౌంటెన్’ తీసిన హెర్బర్ట్ డాలీ, ఈ పద్ధతి నాదేనంటూ కోర్టుకెక్కుతానన్నాడు. ఆ చిన్న చిత్రంలో ఓబ్రయన్ కష్టానికి రావలసిన పేరు కూడా అతనే తీసుకున్నాడు. ఈ తగాదా ఎలాగో సద్దుమణిగింది. కానీ చేసినవాడొకడు, హక్కుదారు మరొకడు అన్న నీడ ఓబ్రయన్‌ను ఆ తర్వాత ఎన్నడూ వదల్లేదు.

1925 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆస్టర్ థియేటర్లో బొమ్మ పడింది. ఫస్ట్ నేషనల్ వాళ్ళ చిత్రం, దర్శకుడు హ్యారీ హోయిట్. ఛాలెంజర్‌గా వాలెస్ బీరీ, తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళే పౌలాగా బెస్సీ లవ్. ఆ అమ్మాయికి తండ్రి ఎముకలే దొరుకుతాయి. కథలో ఆ సంగతిని తొందరగా దాటేస్తారు గానీ, ఇప్పుడు చూసేవాళ్ళకు అక్కడ ఏదో గుచ్చుకుంటుంది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు చివరికి మిగిలేది ఏమిటో సినిమా తన కథలోనే చెప్పుకున్నట్టుంటుంది. పీఠభూమి అంచు మీద కొట్లాటలో ఒక బ్రాంటోసారస్ కింద బురదలోకి జారిపడుతుంది. దాన్ని బతికుండగానే లండన్ తెస్తారు. ఓడ నుంచి దించుతుంటే తప్పించుకుని వీధుల్లో పడుతుంది. గోడలు కూల్చి, జనాన్ని తరిమి, చివరికి టవర్ బ్రిడ్జి మీదికెక్కితే ఆ బరువుకి వంతెన కూలిపోతుంది. థేమ్స్ నదిలో పడి సముద్రం వైపు ఈదుకుంటూ వెళ్ళిపోతుంది. చంపకుండా వదిలేశారు! తర్వాత వచ్చిన రాక్షస జంతువుల సినిమాల్లో ఇలాంటి దయ అరుదు. ఓబ్రయన్ చేతుల్లోనే పుట్టిన కింగ్‌కాంగ్‌కి కూడా ఆ దయ దక్కలేదు.

ఆ జంతువుకి దొరికిన దారి ఆ సినిమాకి దొరకలేదు.

1927లో మాటలు వచ్చాయి. రెండేళ్ళు తిరిగేసరికి మూకీలు పాత సామాన్లయిపోయాయి. 1928లో ఫస్ట్ నేషనల్ మీద పెత్తనం వార్నర్ సోదరుల చేతికి వచ్చింది. 1929లో కోడాస్కోప్ అనే సంస్థతో ఒక ఒప్పందం కుదిరింది. ఇళ్ళలో చిన్న ప్రొజెక్టర్ల మీద వేసుకునే 16 మిల్లీమీటర్ల ప్రింటు హక్కు వాళ్ళకి. దానికి పోటీ ఉండకూడదు కనుక థియేటర్ల ప్రింట్లనూ, విదేశాలకని తీసిన నెగెటివ్‌లనూ వెనక్కి రప్పించి రూపుమాపారు. పది రీళ్ళ సినిమాను దాదాపు సగానికి కత్తిరించి చిన్న రీళ్ళకెక్కించారు. ఎవరి మీదా పగ లేదు, ఎవరి తలలోనూ దుర్బుద్ధి లేదు. గుమాస్తా కాగితం పెట్టి ఉంటాడు, అధికారి సంతకం చేసి ఉంటాడు, ఎవరో డబ్బాలు లెక్కపెట్టి ఉంటారు. సినిమా మొదట్లో స్వయంగా తెర మీద కనబడిన డాయిల్ అప్పటికింకా బతికే ఉన్నారు. 1930 జులైలో పోయారు.

ఇక్కడే కాసేపు ఆగాలనిపిస్తుంది. ఒక్క నెగెటివ్‌ను ఎక్కడో ఒక చల్లని గదిలో ఉంచమని ఆ ఒప్పందంలో ఒక్క వాక్యం రాసి ఉంటే? ఒక థియేటర్ యజమాని బద్ధకించి తన ప్రింటు వెనక్కి పంపకుండా ఉంటే? పని చేసినవాళ్ళను పిలిచి, తీసెయ్యబోతున్నాం, మీకొకటి కావాలా అని మర్యాదకైనా అడిగి ఉంటే? ఓబ్రయన్ పగళ్ళన్నీ ధారపోసిన ఫ్రేములవి. అవి నాశనమైన రోజున పెద్ద శబ్దమేమీ అయి ఉండదు. పాత నైట్రేట్ ఫిల్ములోంచి వెండి తీసుకోవడం అప్పటి మామూలు వ్యాపారం. అమెరికా మూకీల్లో సుమారు 70 శాతం ఇలాగే, లేదా కుళ్ళి, లేదా కాలి పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే కువైట్ ముత్యం కూడా నేలరాలింది. జపాన్‌లో పెంచిన ముత్యాలు సంతల్ని ముంచెత్తాయి. పైన ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగి తెచ్చిన ముత్యానికి కొనేవాడు కరువయ్యాడు. పడవలు ఒడ్డునే ఎండిపోయాయి, మునిగేవాళ్ళు అప్పుల్లో మునిగిపోయారు. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది కాబట్టి ఊరు బతికింది. రాక్షసబల్లులు కుళ్ళి చమురయ్యాయని మన గదుల్లో చాలామంది అనుకుంటారు. కాదు, అది సముద్రంలోని కంటికానని జీవుల చలవ. కానీ బుర్గాన్ చమురు దాగి ఉన్న ఇసుకరాయి మాత్రం నిజంగానే రాక్షసబల్లులు భూమ్మీద తిరిగిన క్రెటేషియస్ కాలానిది. కువైట్ వాళ్ళు ముత్యాల కాలాన్ని మరిచిపోలేదు. 1972లో ఖాలిద్ అల్ సిద్దీక్ తీసిన కువైట్ తొలి కథాచిత్రం ‘బస్ యా బహర్’ ఆ మునిగేవాళ్ళ బతుకు గురించే. ఇంకో మాట. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దండెత్తిన తర్వాత ఇక్కడున్న మన పాతవాళ్ళు చూసింది తక్కువ కాదు. కట్టుబట్టలతో అమ్మాన్ చేరి విమానాలెక్కి ఇంటికెళ్ళారు. అప్పుడే కువైట్ జాతీయ మ్యూజియాన్ని దోచుకుని తగలబెట్టారు, ముహల్లబ్ అనే పాత పడవ కూడా కాలిపోయింది. ఆ నష్టానికి తిట్టుకోవడానికి ఒక శత్రువున్నాడు, ఏడవడానికి ఒక జాతి ఉంది, మళ్ళీ కట్టుకోవాలన్న పంతమూ ఉంది. ‘లాస్ట్ వరల్డ్’ పోయిన రోజున ఇవేవీ లేవు.

సినిమాతో పాటు మనిషి కూడా మెల్లగా ఒరిగిపోయాడు. 1930లో ఓబ్రయన్ దర్శకుడు హోయిట్‌తో కలిసి ఆర్‌కేవో సంస్థలో ‘క్రియేషన్’ అనే మరో రాక్షసబల్లుల చిత్రం మొదలుపెట్టాడు. డబ్బు ఎక్కువవుతోందని మధ్యలోనే ఆపేశారు. ఆ పనితనం చూసిన మెరియన్ కూపర్ ‘కింగ్‌కాంగ్’కి పిలిచాడు. 1933 మార్చిలో అది విడుదలై లోకాన్ని ఊపేసింది. అదే ఏడాది అక్టోబరులో, అప్పటికే విడిగా ఉంటున్న, క్షయతో, క్యాన్సర్‌తో తీసుకుంటున్న అతని భార్య హేజెల్, ఇద్దరు కొడుకుల్నీ తుపాకీతో కాల్చి తననూ కాల్చుకుంది. పిల్లలు పోయారు. పెద్దవాడికి జబ్బుతో చూపు కూడా లేదు. ఆమె మరో ఏడాది బతికింది. అతను ఆ సంగతి గురించి మాట్లాడేవాడు కాదు. మనమూ ఇంతకు మించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఆ తర్వాత ‘వార్ ఈగిల్స్’ మొదలై ఆగిపోయింది. ‘గ్వాంగీ’ మొదలై ఆగిపోయింది. బొమ్మలు తయారవుతాయి, చిత్రాలు గీస్తాడు, కబురొస్తుంది, తలుపు మూసుకుంటుంది. 1949 నాటి ‘మైటీ జో యంగ్’కి ఆస్కార్ వచ్చింది. పక్కన పని నేర్చుకున్న రే హ్యారీహౌసెన్ అనే కుర్రాడు ఆ వెలుగులో పైకొచ్చి పేరు తెచ్చుకున్నాడు. గురువుకి మాత్రం ఫోన్లు తగ్గిపోయాయి.

అతనికి జరిగినవాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది 1960. ఇర్విన్ అలెన్ ‘ది లాస్ట్ వరల్డ్’ని రంగుల్లో, మాటలతో మళ్ళీ తీస్తూ ఓబ్రయన్‌ను పనిలోకి పిలిచాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసు. ముప్పై అయిదేళ్ళ కిందట తన చేతులతో నిలబెట్టిన లోకాన్ని మళ్ళీ కట్టే అవకాశం వచ్చిందనుకున్నాడు, బొమ్మలు గీశాడు. చివరికి అంత సమయం, అంత ఖర్చు ఎందుకని బతికున్న ఉడుముల్నీ తొండల్నీ తెచ్చి, వాటికి కొమ్ములూ రెక్కలూ అంటించి, ఇవే రాక్షసబల్లులన్నారు. ఒకప్పుడు రబ్బరుకి ఊపిరి పోసిన మనిషి పేరు జాబితాలో ఉంది, పని మాత్రం తెర మీద లేదు. ప్రాణమున్న ఆ బల్లుల్లో ప్రాణం కనబడదు. ఆ ఒక్క చిత్రాన్ని అతని చేతికి అప్పగించి ఉంటే అన్న ఆలోచన మనసులోంచి పోదు. కింగ్‌కాంగ్‌ను ఇంకో రాక్షసుడితో తలపడించే కథ ఒకటి అతను అల్లుకున్నాడు. అది చేతులు మారి, అతని ప్రమేయం లేకుండానే, 1962లో జపాన్‌లో ‘కింగ్‌కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా’గా వచ్చింది. ఆ ఏడాది నవంబరు 8న అతను పోయాడు. ‘ఇట్స్ ఎ మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్ వరల్డ్’ అనే హాస్యచిత్రంలో ఒక చిన్న సన్నివేశం మీద అప్పటికి పని చేస్తూనే ఉన్నాడు. తన గొప్ప మూకీకి ఆనాటికి మిగిలింది ఆ కత్తిరించిన రూపమే.

అతను పోయిన ముప్పై ఏళ్ళ తర్వాత గాని కాస్త గాలి తిరగలేదు. ప్రాగ్‌లోని చెక్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఒక పాత ప్రింటు ఉందని తేలింది. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ దాన్నీ మిగతా తునకల్నీ కలిపి పునరుద్ధరణ చేసింది. 1998లో ఆ సినిమా అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేరింది. మరో రెండు దశాబ్దాలకు ఇంకా అక్కడా ఇక్కడా దొరికిన ముక్కలు అతికి వంద నిమిషాల పైచిలుకు రూపం తెచ్చారు. ఇంకొన్ని చోట్లు ఖాళీలే. ఒక విచిత్రం చెప్పాలి. ఏ చిన్న రీళ్ళ కోసం సినిమాను చంపారో, ప్రాగ్ ప్రింటు వెలుగు చూసేదాకా దాని ఊపిరిని నిలబెట్టినవీ ఆ చిన్న రీళ్ళే. ఆ ఒప్పందాన్ని తిట్టబోయిన నోరు అక్కడ తడబడుతుంది.

మన సంగతి చూస్తే అంత ఓదార్పు కూడా లేదు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు, ఆయన కుమారుడు ప్రకాశ్ గారు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియో పెట్టి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ఈనాడు దాని ప్రింటు లేదు. మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీల్లో పూర్తిగా మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆదిలాబాద్ అడవుల్లో యామన్‌పల్లి దగ్గర నేలలోంచి తీసిన కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టి ఉన్నాయి. వాటి వయసు సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ళు. రాయి అంతకాలం దాచిపెట్టగలిగినదాన్ని చూస్తాం, వందేళ్ళ కిందట మన మనుషులు తీసిన భీష్ముడి ముఖాన్ని మాత్రం చూడలేం.

‘లాస్ట్ వరల్డ్’ని మాత్రం ఈ శుక్రవారం సెలవు రోజున చూడొచ్చు. అమెరికాలో ఇప్పుడు దాని మీద ఎవరి హక్కూ లేదు, నెట్‌లో ఊరికే దొరుకుతుంది. నిడివి చూసుకుని ఎక్కువ ఉన్నదే పెట్టుకోండి. అక్కడక్కడా బొమ్మ హఠాత్తుగా మసకబారి గింజలు తేలుతుంది. అవి వేరే ప్రింటు నుంచి తెచ్చి అతికిన చోట్లు, అక్కడ విసుక్కోకండి. కొట్లాటలు ఎటూ చూస్తారు. ఏమీ జరగని చోట, జంతువు ఊరికే నిలబడ్డప్పుడు, దాని డొక్క వైపు చూడండి.